1840ల అల్లిక పుస్తకం చూసి అల్లితే కుట్ల లెక్క ఎందుకు తప్పుతోంది?

ఒకరు అడిగిన ప్రశ్న ఇది: నెట్‌లో దొరికిన 1840ల నాటి ఇంగ్లీషు అల్లిక పుస్తకం స్కాన్ చూసి మణికట్టు తొడుగులు మొదలుపెట్టారు. అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నా మూడో వరసకే కుట్ల లెక్క తప్పుతోంది. తప్పు తనదా, పుస్తకానిదా? అసలు ఇలాంటి ప్యాటర్న్‌లు, అంటే ఎలా అల్లాలో రాసిన సూచనలు, అచ్చులోకి ఎప్పుడు వచ్చాయి?

ముందు మీ టెన్షన్ తగ్గించే మాట చెబుతాను. మీ చేతిలో తప్పేమీ లేదు. ఆ పుస్తకం రాసినావిడ మిమ్మల్ని ఊహించుకుని రాయలేదు, అంతే. పక్కన అత్తో అక్కో కూర్చుని "ఇలా కాదే, దారం ముందుకు తెచ్చుకో" అని చెప్పే ఇంట్లోని అమ్మాయిని ఊహించుకుని రాసింది. నేను ముప్ఫై ఏళ్లకు పైగా సికింద్రాబాద్‌లో ఊలు అల్లిక నేర్పుతున్నాను. పాత పుస్తకాలు చూసి అల్లడం నాకున్న పెద్ద పిచ్చి. మీరు పడ్డ గుంటలోనే నేనూ పడి లేచాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముగ్గుల పుస్తకం గుర్తు తెచ్చుకోండి. ముగ్గు కింద "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. మనకు అది చాలు. మధ్య వరసలో 15 పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గిస్తూ, చుక్కల సందుల్లో చుక్కలు పెట్టుకుంటూ 8 దగ్గర ఆపుతాం. ముగ్గు ఎప్పుడూ వేయని మనిషికి అదే ముక్క ఇచ్చి చూడండి. ఏ వరస, ఎటు తగ్గించాలి, సందు అంటే ఏమిటి, ఒక్కటీ అర్థం కాదు. తెలిసినవాళ్లకు గుర్తు చేయడానికి రాసుకున్న ముక్క అది. తొలి అల్లిక ప్యాటర్న్‌లు దాదాపు అన్నీ ఈ జాతివే.

అల్లిక మాత్రం అచ్చుకన్నా చాలా పాతది. ఈజిప్టులో దొరికిన నీలం, తెలుపు నూలు మేజోళ్లు మధ్యయుగాల నాటివి. ఫ్లోరెన్సులో 1562లో చనిపోయిన ఎలియనోరా అనే ప్రభుపత్నిని పాతిపెట్టినప్పుడు కాళ్లకు తొడిగిన ఎర్ర పట్టు మేజోళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద సీదా (నున్నగా కనిపించేవి), ఉల్టా (గరుకుగా కనిపించేవి) కుట్లు కలిపి వేసిన నమూనా చూస్తే, అల్లిన చెయ్యి ఎంత తిరిగిన చెయ్యో తెలుస్తుంది. ఇంగ్లండులో అల్లిక ఎంత పెద్ద బతుకుతెరువంటే, ఆరేళ్లు దాటిన మామూలు జనమంతా ఆదివారాలూ పండగలూ ఊలు అల్లిక టోపీ పెట్టుకోవాలని 1571లో ఏకంగా చట్టమే చేశారు. 1589లో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం కూడా కట్టాడు. యంత్రం వచ్చాక కూడా ఇంకో అరవై ఏళ్లకు పైగా, చేత్తో మేజోడు ఎలా అల్లాలో చెప్పే ఇంగ్లీషు కాగితం ఒక్కటీ అచ్చయినట్టు కనబడదు.

ఎందుకంటే అవసరం లేదు. అల్లేవాళ్లలో చాలామందికి చదువు రాదు. చదువు వచ్చినవాళ్లు పుస్తకం చూసి మేజోడు అల్లుకోవాల్సిన స్థితిలో లేరు. పిల్లలు నాలుగైదేళ్లకే సూదులు పట్టి, పెద్దవాళ్ల చేతులు చూసి నేర్చుకునేవారు. కొత్త నమూనా దొరికితే ఒక పొడవాటి పట్టీలో కొన్ని వరసలు అల్లి దాచుకునేవారు. ఆ ముక్కే వాళ్ల పుస్తకం. ఇలాంటి పట్టీలు యూరప్ మ్యూజియాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇది మనకు కొత్త కాదు. మన నర్సాపురం లేసు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి ఒడ్డుకు వచ్చింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడి ఆడవాళ్లకు ఒక శాంపిల్ ముక్క చేతికిస్తే చాలు, వేలితో తడిమి, గొలుసులు లెక్కపెట్టుకుని అచ్చం అలాంటిదే అల్లేస్తారు. కాగితం మీద రాసింది ఇస్తే ఆ వేగం రాదు.

ఇంగ్లీషులో మనకు తెలిసిన తొలి అచ్చు ప్యాటర్న్ 1655 నాటిది. అది అల్లిక పుస్తకంలో లేదు! లండన్‌లో అచ్చయిన ఒక గృహవైద్యం పుస్తకంలో ఉంది. పేరు 'నాచురా ఎగ్జెంటరేటా'. ప్రకృతి పొట్ట చీల్చి లోపలి రహస్యాలు బయటపెట్టడం అన్న అర్థంలో పెట్టిన పేరు. అరండెల్ ప్రభుపత్ని అలెథియా టాల్బట్ పేరుతో ముడిపడ్డ పుస్తకం. జ్వరాలకూ, గాయాలకూ, కడుపునొప్పులకూ మందుల మధ్య, చివర్లో ఎక్కడో, మేజోడు అల్లే పద్ధతి ఉంది. మొదటిసారి విన్నప్పుడు నాకు వింతగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే సహజమే అనిపించింది. ఇల్లాలికి తెలియాల్సినవన్నీ ఒకచోట రాసుకునే నోట్‌బుక్‌లు మన ఇళ్లలోనూ ఉండేవి కదా. ఒక పేజీలో ఆవకాయ పాళ్లు, మరో పేజీలో పసిపిల్లల దగ్గు మందు, వెనక అట్ట లోపల ఒక ముగ్గు. ఇంగ్లండులోనూ అంతే. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు కూడా అక్కడి ఆడవాళ్లు అల్లిక సూచనలను వంటకీ మందుకీ వాడే మాటతోనే 'రిసీట్' అని పిలిచేవారు.

ఆ 1655 మేజోడు చదవడం ఎలా ఉంటుందో చెబుతాను. బొమ్మ లేదు. వరసకొక గీత లేదు. పొట్టి అక్షరాలు లేవు. ఒకే వచనం నీటిధారలా సాగిపోతుంది. ఇన్ని కుట్లు ఎక్కించు, ఇంత దూరం అల్లు, ఇక్కడ తగ్గించు, మడమ దగ్గర ఇలా విడదీయి అని ఒక మనిషి మాట్లాడుతుంటే ఇంకొకరు రాసుకున్నట్టు ఉంటుంది. మేజోడు ఆకారం ముందే మనసులో లేకపోతే మధ్యలో దారి తప్పడం ఖాయం. నేను దాన్ని చదివిన పద్ధతి ఇది: ఒక్కో సూచననూ విడి కాగితం మీద ఎక్కించి, పక్కనే నా మామూలు మేజోడు లెక్క రాసుకుని, రెండూ కలిసే చోట్ల గీతలు గీశాను. అలా చేస్తేగానీ మడమ ఎక్కడ మొదలవుతుందో తేలలేదు.

జర్మనీలో వేరే దారి పట్టారు. అక్కడ 1520ల నుంచే బుటాలకూ నేతకూ నమూనాల పుస్తకాలు అచ్చయ్యేవి. గళ్ల కాగితం మీద నలుపు, తెలుపు గళ్లు నింపిన బొమ్మలు. 17వ శతాబ్దంలో న్యూరెంబర్గ్‌లో రోసినా హెలెనా ఫ్యుర్స్ట్ వేసిన నమూనా పుస్తకాల్లో అల్లికకు పనికొచ్చే గళ్ల బొమ్మలు కూడా ఉన్నాయి. 1800లో లైప్జిగ్‌లో నెట్టో, లేమాన్ అనే ఇద్దరు అల్లిక మీదే ఒక పెద్ద పుస్తకం వేశారు, రంగుల గ్రాఫ్‌లతో సహా. నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం. గ్రాఫ్‌కి భాష అక్కర్లేదు. మీరు జర్మన్ ఒక్క ముక్క రాకుండా ఆ పువ్వును ఇవాళ కూర్చుని అల్లగలరు. కాకపోతే గ్రాఫ్ పువ్వును చూపిస్తుందిగానీ మడమ తిప్పడం చూపించదు. మేజోడు ఆకారం మళ్లీ చేతులు చూసి నేర్చుకోవాల్సిందే.

ఇంగ్లండులో మాటలతో చెప్పే దారి మళ్లీ తెరుచుకుంది బడుల్లో. 1810ల చివర్లో పేద ఆడపిల్లల బడుల కోసం అల్లిక నేర్పే టీచర్లకు చిన్న పుస్తకం వచ్చింది. అందులో ఉన్నది కేవలం పనికొచ్చే అల్లిక, ముఖ్యంగా మేజోళ్లు. ఆ పిల్లలు పెద్దయ్యాక దానితో నాలుగు డబ్బులు సంపాదించాలి, లేదా ఇంటి మేజోళ్లు ఇంట్లోనే అల్లుకోవాలి. అందం గురించి ఎవరూ మాట్లాడలేదు.

అందం గురించి మాట్లాడింది ఊలు కొట్ల వాళ్లు. మీ పుస్తకం ఈ కాలానిదే కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం. 1830ల నాటికి జర్మనీ నుంచి మెత్తటి మెరినో ఊలు రంగురంగులుగా ఇంగ్లండుకు దిగుతోంది. దాన్ని బెర్లిన్ ఊలు అనేవారు. డబ్బున్న ఇళ్లలో ఆడవాళ్లకు తీరిక ఉంది, చదువు ఉంది, చేతిలో ఏదో ఒక పని ఉండాలన్న మర్యాద ఉంది. వాళ్లలో చాలామందికి చిన్నప్పుడు అల్లిక నేర్పినవాళ్లు లేరు, ఎందుకంటే అప్పటిదాకా అది ఎక్కువగా పేదవాళ్ల పని. కాబట్టి ఊలు కొనడానికి కొట్టుకు వచ్చినావిడ మొదట అడిగేది, "దీనితో ఏం చేయాలి? ఎలా చేయాలి?" అని. కొట్టు యజమానురాలు ఒకరికి చేత్తో రాసిస్తుంది, ఇంకొకరికి రాసిస్తుంది, యాభయ్యో మనిషికి రాసేసరికి అచ్చువేయడమే నయమనిపిస్తుంది. అల్లిక ప్యాటర్న్ ఒక సరుకుగా పుట్టింది అలా ఊలు కొట్టు బల్ల మీద. ఇవాళ్టికీ ఊలు కంపెనీలే ప్యాటర్న్‌లు వేస్తున్నాయంటే ఆ బంధం అప్పటిదే.

ఈ వరసలో నేను అందరికన్నా గౌరవించేది జేన్ గోగెన్‌ని. ఎడిన్‌బరోలో జార్జ్ స్ట్రీట్‌లో ఊలు, అల్లిక సామాను కొట్టు వాళ్లది. 1840లో ఆమె వేసిన 'ది లేడీస్ అసిస్టెంట్' ఆ కాలంలో బాగా అమ్ముడుపోయిన పుస్తకం. ముందే డబ్బు కట్టిన చందాదారుల పేర్ల జాబితా పుస్తకంలోనే ఉంటుంది, అందులో రాజకుటుంబం వాళ్లూ ఉన్నారు. కానీ ఆమె చేసిన అసలు పని వేరు. ప్రతి కుట్టునూ పూర్తి మాటల్లో రాస్తే పేజీలు చాలవని, కుట్టుకో అక్షరం పెట్టింది. అక్షరాలు చాలనిచోట అక్షరాన్ని తలకిందులుగా అచ్చు వేయించింది. ఇవాళ మనం ప్యాటర్న్‌లో చూసే పొట్టి అక్షరాల పద్ధతికి ఇది తల్లివేరు. అల్లికకు ఒక లిపి కావాలని గ్రహించి, కూర్చుని తయారుచేసిన మనిషి ఆమె. దీనికి ఆమెకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నాకు బాధగా ఉంటుంది.

ఇక మీ మూడో వరస. మీరు చూస్తున్నది గోగెన్ పుస్తకమో, ఆమె దారిలో రాసిన మరొకటో అయితే మొదటి చిక్కు ఇక్కడే ఉంది. ఆమె పద్ధతిలో 'పి' అంటే ప్లెయిన్, అంటే మన సీదా కుట్టు. ఉల్టా కుట్టుకు ఆమె పెట్టిన అక్షరం 'బి'. ఇవాళ్టి ప్యాటర్న్‌లన్నింటిలో 'పి' అంటే పర్ల్, అంటే ఉల్టా. మీ కళ్లు అలవాటు కొద్దీ 'పి' చూడగానే చేతికి ఉల్టా అని చెబుతాయి. మొదటిసారి నేను అల్లిన ముక్కలో ఎనిమిది వరసలయ్యాక చూస్తే పువ్వు ఉండాల్సినచోట గరుకు గుట్టలు. రెండు రోజులు ఊలును తప్పు పట్టాను. చివరికి పుస్తకం మొదట్లో ఉన్న అక్షరాల వివరణ పేజీ చదివాక విషయం అర్థమైంది. స్కాన్ తెరిచినవాళ్లు నేరుగా ప్యాటర్న్ పేజీకి వెళ్తారు, నేనూ అదే చేశాను. ఆ వివరణ పేజీ ముందు చదవండి.

'పి' తప్పు నమూనాను పాడుచేస్తుందిగానీ కుట్ల సంఖ్యను మార్చదు. సంఖ్య తప్పుతోందంటే చూడాల్సింది 'ఓ', 'టి'. 'ఓ' అంటే దారం సూది మీదుగా వేసి కొత్త కుట్టు పుట్టించడం, అక్కడ చిన్న రంధ్రం వస్తుంది. 'టి' అంటే రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లడం. ఆమె పద్ధతిలో ఒక చిన్న వరస నేనే కూర్చి చూపిస్తాను: పి 3, ఓ, టి. సూది మీద 5 కుట్లు ఉన్నాయనుకోండి. మూడు సీదా అల్లారు. దారం మీదుగా వేశారు, ఒక కుట్టు పెరిగింది. మిగిలిన రెండూ కలిపి అల్లారు, ఒకటి తగ్గింది. చివరికి 3, 1, 1 కలిపి మళ్లీ 5. ఒక 'ఓ'కి ఒక 'టి' జోడీ ఉన్నంతసేపు లెక్క కదలదు. ఇప్పుడు మీ మూడో వరసలో 'ఓ'లు ఎన్ని, 'టి'లు ఎన్ని ఉన్నాయో పెన్సిల్‌తో లెక్కపెట్టండి. సమానంగా ఉండి మీ సూది మీద మాత్రం ఒకటి తక్కువైతే, ఒకచోట దారం మీదుగా వేయడం మర్చిపోయారు. పుస్తకంలోనే జోడీ కుదరకపోతే అది అచ్చుతప్పు కావచ్చు, లేదా ఆ వరసలో కావాలనే కుట్లు పెంచుతూ తగ్గిస్తూ ఉండొచ్చు. తర్వాతి వరస లెక్క వేస్తే ఏదో తేలిపోతుంది. అచ్చుతప్పులు ఆ రోజుల్లో మామూలే. అల్లిక తెలియని కార్మికుడు తలకిందుల అక్షరాలతో నిండిన పేజీని సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చాలి. ఎంత కష్టమో ఊహించండి.

గోగెన్ లిపి అందరూ వాడలేదు. అదే పెద్ద చిక్కు. మిస్ లాంబర్ట్ అనే లండన్ రచయిత్రి 1843లో వేసిన 'మై నిటింగ్ బుక్'లో దాదాపు అంతా పూర్తి మాటల్లోనే ఉంటుంది. ఉల్టా కుట్టుకు ఆ రోజుల్లో పెర్ల్, సీమ్, రిబ్ అని మూడు పేర్లు నడిచేవి. మూడూ ఒకటేనని ఆమె పుస్తకం మొదట్లోనే చెప్పాల్సి వచ్చింది. ఆమె వాడే 'టర్న్' అన్న మాట జాగ్రత్తగా చూడండి. అటు ఒక వరస, ఇటు ఒక వరస, రెండూ కలిపితేనే ఒక టర్న్. ఎనిమిది టర్న్‌లు అని రాస్తే పదహారు వరసలు. నేను ఎనిమిదే అల్లి, శాలువా అంచు సగం ఎత్తుకే ఆగిపోయిందేమిటా అనుకున్నాను. మీ తొడుగులు పొట్టిగా వస్తుంటే మొదట చూడాల్సింది ఇదే.

లాంబర్ట్‌కి రుణపడాల్సిన విషయం ఇంకొకటుంది, సూది నంబరు. అప్పట్లో చాలామంది "సన్న సూది", "లావు సూది" అని రాసి వదిలేసేవారు, మన వంటల్లో "తగినంత ఉప్పు" అన్నట్టు. ఆమె రంధ్రాలున్న కొలత పలకను పాఠకులకు పరిచయం చేసి, సూదిని ఏ నంబరు రంధ్రంలో పెడితే సరిపోతుందో ఆ నంబరే ప్యాటర్న్‌లో ఇచ్చింది. ఆ నంబర్లు తీగల లావు కొలిచే పద్ధతి నుంచి వచ్చినవి, అందుకే నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మనం సికింద్రాబాద్‌లోనో విజయవాడలోనో కొట్టుకెళ్లి "బోర్డర్‌కి 12 నంబర్, మిగతాదానికి 10 నంబర్" అని అడుగుతున్నామే, అదంతా ఆ బ్రిటిష్ తీగ లెక్కే. మన 10 నంబర్ అంటే దాదాపు 3.25 మిల్లీమీటర్లు. అమెరికా లెక్క దీనికి ఎదురు నడుస్తుంది. అక్కడ 10 అంటే 6 మిల్లీమీటర్లు. అమెరికాలో ఉన్న అమ్మాయి పంపిన సూదులతో ఇక్కడి ప్యాటర్న్ అల్లి, పసిబిడ్డ స్వెటర్ ఆరేళ్ల పిల్లాడికి సరిపోయిందని చెప్పినవాళ్లు నా దగ్గరికి వచ్చినవాళ్లలోనే ముగ్గురున్నారు. అయితే 1840ల నంబర్లను ఇవాళ్టి 10, 12తో తూచా తప్పకుండా కలపొద్దు. తీగ కొలతలు ఒక్కో తయారీదారుకి ఒక్కోలా ఉండేవి. బ్రిటన్‌లో 1884లో గానీ ఒకే చట్టబద్ధమైన కొలత రాలేదు.

ఇక ఆ పుస్తకాల్లో మీకు కనిపించనిది టెన్షన్. నేను చెప్పేది అల్లిక బిగువు గురించి, అంగుళానికి ఎన్ని కుట్లు అన్న లెక్క. ఇవాళ ఏ ప్యాటర్న్‌లోనైనా అది మొదటి పేజీలోనే ఉంటుంది. 1840ల వాటిలో వెతికినా దొరకడం కష్టం. అప్పట్లో చాలావరకు అల్లింది పర్సులు, కఫ్‌లు, శాలువాలు, టేబుల్ మీద పరిచే లేసు గుడ్డలు. వాటికి ఒక అంగుళం అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. ఒంటికి అతికినట్టు ఉండే స్వెటర్లు అల్లడం మొదలయ్యాకే ఆ లెక్క రాయాల్సిన అవసరం వచ్చింది.

తర్వాత కథ త్వరగా సాగింది. ఎలియనోర్ రిఏగో అనే ఆవిడ 1846 నుంచి దశాబ్దాల పాటు డెబ్బైకి పైగా చిన్న పుస్తకాలు వేసింది. 1880ల్లో వెల్డన్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ల నెలవారీ పత్రిక రెండు పెన్నీలకే దొరికేది, బొమ్మలతో సహా. అంతటితో ప్యాటర్న్ ధనవంతుల డ్రాయింగ్ రూం దాటి మామూలు ఇళ్లకు చేరింది. మీకు మొదటి పాత పుస్తకంగా నేనైతే వెల్డన్స్ సంచికలే ఇస్తాను, గోగెన్‌ని కాదు. వాటి భాష మనకు చాలా దగ్గరగా ఉంటుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయని అడగబోతారు. ఇంగ్లండులో రిచర్డ్ రట్ అని ఒక బిషప్ ఉండేవారు. స్వయంగా అల్లేవారు, చేతి అల్లిక చరిత్ర మీద 1987లో పుస్తకం రాశారు. ఆయన సేకరించిన విక్టోరియా కాలపు అల్లిక పుస్తకాలు సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారి వించెస్టర్ ఆర్ట్ స్కూల్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా పెట్టారు. మీకు దొరికిన స్కాన్ కూడా బహుశా అందులోదే, మొదటి పేజీ మీద లైబ్రరీ ముద్ర చూడండి.

మీ తొడుగుల విషయానికొస్తే, అల్లింది విప్పేయండి. పర్వాలేదు, మూడు వరసలే. పుస్తకంలోని అక్షరాల వివరణ ఒక కాగితం మీద ఎక్కించుకుని, ఎదురుగా సీదా, ఉల్టా, దారం మీదుగా, రెండు కలిపి అని తెలుగులో రాసుకోండి. ప్యాటర్న్ మొదటి నాలుగు వరసలూ ఆ మాటల్లోకి మార్చండి. ప్రతి వరస చివర సూది మీద ఎన్ని కుట్లు మిగలాలో అంకె వేయండి. 12 నంబర్ సూదులతో, మీ దగ్గరున్న సన్న ఊలుతో, నమూనా ఒకసారి పూర్తయ్యేన్ని కుట్లు మాత్రం ఎక్కించి ఒక చిన్న ముక్క అల్లి, మణికట్టుకు చుట్టి చూడండి. వదులైతే 14కి వెళ్లండి. అప్పటికీ మూడో వరస కుదరకపోతే ఆ వరస ఒక్కటీ ఉన్నది ఉన్నట్టు, తలకిందుల అక్షరాలతో సహా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. కలిసి లెక్కపెడదాం.